తలకు ముప్ఫై మూడు

నాలుగు దారులు కలిసే చోట ఎల్డన్ తోర్స్‌రుడ్ ఎప్పుడూ పికప్ ఆపి, స్టీరింగు మీంచి రెండు వేళ్లు ఎత్తుతాడు. ముందు నువ్వు పో, అని దానర్థం. ఎదురుగా ఉన్నది పాస్టరు కారు కావచ్చు, పాల లారీ కావచ్చు, దారి తప్పి వచ్చిన విత్తనాల ఏజెంటు కావచ్చు. అసలు ముందు వచ్చింది తానే కావచ్చు. రెండు వేళ్లు మాత్రం లేస్తాయి. వేరింగ్ కౌంటీలో ఎదుటివాడు కూడా మర్యాదస్థుడే కాబట్టి అతనూ రెండు వేళ్లు ఎత్తుతాడు. ఎల్డన్ మళ్లీ ఎత్తుతాడు. ఇలా ఇద్దరూ కాసేపు ఒకరినొకరు దీవించుకున్నాక ఎవరికో ఒకరికి ఇంట్లో పని గుర్తొచ్చి బండి కదులుతుంది. యాభై ఏళ్లుగా బండి నడుపుతున్నా, ఆ ఎవరో ఒకరు ఎల్డన్ ఎన్నడూ కాలేదు.

ఆ కౌంటీలో ఇచ్చింది మొదటిసారికే పుచ్చుకుంటే ఆకలిగొట్టు అంటారు. రెండోసారికి పుచ్చుకుంటే బయటినుంచి వచ్చినవాడు అంటారు. మూడోసారి అడిగినప్పుడు, అదీ ముఖం కాస్త ఇబ్బందిగా పెట్టి, "సరే, నీకు కష్టం కాకపోతే" అని పుచ్చుకోవాలి. కాఫీకైనా, కేకుకైనా, కిడ్నీకైనా పద్ధతి అదే. చర్చి కింది హాల్లో విందు జరిగితే పళ్లెంలో చివరి ముక్కను ఎవరూ ముట్టుకోరు. ఒకరు వచ్చి అందులో సగం కోసుకుంటారు. తర్వాతివారు ఆ సగంలో సగం. చివరికి గోరంత మిగులుతుంది. దాన్ని గిన్నెలు కడిగేవాళ్లు పారేస్తారు. దీన్ని అక్కడ త్యాగం అంటారు.

ఎల్డన్‌కు పెళ్లి ఎలా అయిందంటే, మార్డెల్ తానే అడిగింది. మూడుసార్లు అడిగింది. ఆమెదీ ఆ కౌంటీయే.

మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఒకటి ఉంది. నలుగురిలో చెప్పేది కాదు. ఎల్డన్‌కు ఏమైందో మాత్రం చెప్పుకోవచ్చు.

అతనికి మూడు వందల ఇరవై ఎకరాలు. సగం మొక్కజొన్న, సగం సోయా. ఇంటి వెనక తాత కట్టిన పశువుల దొడ్డి. ప్రతి అక్టోబరులో డకోటా నుంచి కెర్మిట్ అనే ఆసామి ఏడాది వయసు దూడలను డెబ్బై పంపుతాడు. చలికాలమంతా ఎల్డన్ వాటికి తన మొక్కజొన్న పెట్టి, తెల్లవారకముందే లేచి నీళ్ల తొట్టి మీద మంచు పగలగొట్టి, వసంతంలో వాటిని కబేళాకు పంపుతాడు. ఎనభై మూడేళ్లలో ఆ దొడ్డి ఒక్క చలికాలం కూడా ఖాళీగా లేదు. దానివల్ల లాభమేమైనా వచ్చిందా అని అడిగితే ఎల్డన్ వానల గురించి మాట్లాడతాడు.

2020 ఏప్రిల్‌లో కబేళాల్లో పనిచేసేవాళ్లకు జబ్బు సోకింది. పని సగానికి పడిపోయింది. కోడెలకు లోకంలో జబ్బు ఉన్న సంగతి తెలియదు కాబట్టి అవి రోజుకు మూడేసి పౌండ్లు బలుస్తూనే ఉన్నాయి. ధర అదే వేగంతో చిక్కిపోయింది. పశువులు కొనే దళారి ఒకరోజు ఎల్డన్‌కు ఫోన్ చేసి, మంగళవారం పద్నాలుగున రెండు లారీలకు చోటుంది, గురువారం పదహారున మరో రెండు లారీలకు ఉంది, మీ కంచె పక్కనున్న వెండెల్ కోడెలు కూడా సిద్ధంగా ఉన్నాయట, ఎవరు ఏ రోజో మీరే తేల్చుకోండి అన్నాడు.

వెండెల్ ఓప్‌డాల్ పొలానికీ ఎల్డన్ పొలానికీ మధ్య ఒకే కంచె. ఇద్దరూ ఒకే బడిలో చదివారు. ఎల్డన్ అతనికి ఫోన్ చేశాడు.

"వెండెల్, మంగళవారం నువ్వు పంపు."

"అదేంటయ్యా. నీ కోడెలే ముందు బలిశాయి. నువ్వు పంపు."

"నావి రెండ్రోజులు ఆగుతాయిలే. నువ్వే పంపు."

"అంతేనంటావా? సరే అయితే."

ఎల్డన్ ఫోను పెట్టేశాడు. అతని లెక్కలో ఇంకో విడత ఉంది. అందులో తాను ఓడిపోవలసి ఉంది. కానీ వెండెల్ అమ్మమ్మ చికాగో మనిషి. ఆ రక్తం రెండు తరాలు దిగి వచ్చినా, రెండోసారికే "సరే" అనేస్తుంది. అడిగేటప్పుడు కూడా వెండెల్ రెండుసార్లే అడుగుతాడు. ఇది కౌంటీ అంతటికీ తెలుసు. ఎల్డన్‌కు అందరికంటే ముందు నుంచి తెలుసు.

మంగళవారం వెండెల్ కోడెలు వెళ్లాయి. గురువారం ఎల్డన్ కోడెలు వెళ్లాయి.

మే నెలలో ప్రభుత్వం రైతుల కష్టం చూసింది.

అప్పటికి రైతుల సహకార సంఘం గోదాము లోపల కాఫీ బల్ల మూసేశారు. ఆ బల్ల దగ్గర ముప్ఫై ఏళ్లుగా కూర్చునేవాళ్లు జబ్బుకు తలవంచే రకం కాదు. రోజూ ఉదయం ఎనిమిదింటికి ఏడు పికప్‌లు గోదాము ముందు గుండ్రంగా, ముక్కులు లోపలికి పెట్టి ఆగేవి, చలికి గుమిగూడిన ఆవుల్లాగా. అద్దాలు దించి, ఎవరి బండిలో వాళ్లు కూర్చొని మాట్లాడుకునేవాళ్లు. కాఫీ డబ్బులు ఎవరివో తేల్చే పాచికలను గేలన్ ఫ్లుగమ్ బానెట్ మీద వేసేవాళ్లు. గేలన్‌కు నోరు ఎక్కువ, బానెట్ చదును.

ఆ వలయంలో ప్రభుత్వం అంటే గిట్టనివాళ్లు ఏడుగురు. ప్రభుత్వం దగ్గర డబ్బు తీసుకునేవాళ్లు ఏడుగురు. రెండు జాబితాలకూ వేర్వేరు కాగితాలు అక్కర్లేదు.

"ఇంట్లో కూర్చున్నోళ్లకి తలా పన్నెండొందలు పంచుతున్నారు," అన్నాడు గేలన్. "ఇంక పని చేసేదెవడు ఈ దేశంలో?"

"నీకొచ్చిందా?" అని అడిగాడు వెండెల్.

"వచ్చింది. మా ఆవిడకీ వచ్చింది. దాని సంగతి కాదయ్యా నేననేది. ఊరికే తినేవాళ్ల సంగతి."

"మరి ఈ పశువుల డబ్బో?"

"అది వేరు. అది మన నష్టానికి పరిహారం." గేలన్ కళ్లజోడు పెట్టుకొని ఫోను దగ్గరగా పట్టుకున్నాడు. "చదువుతున్నా వినండి. జనవరి పదిహేను నుంచి ఏప్రిల్ పదిహేను లోపల అమ్మిన బలిసిన పశువులకి, తలకి రెండొందల పద్నాలుగు డాలర్లు."

వలయంలో ఎవరో ఈల వేశారు.

"ఏప్రిల్ పదహారు నుంచి దొడ్లో ఉన్నవాటికి, తలకి ముప్ఫై మూడు."

ఈల ఆగిపోయింది.

ప్రభుత్వం లెక్క ప్రకారం, మహమ్మారి ఏప్రిల్ పదిహేను దాకా కోడెలను ఘోరంగా పీడించి, పదహారు ఉదయానికి నూటికి ఎనభై అయిదు వంతులు నెమ్మదించింది. గురువారం నాడు ఎల్డన్ కోడెలు లారీ ఎక్కేటప్పటికి దేశం దాదాపు కోలుకుంది.

అయిదు బండ్లలోని ముఖాలు ముందు ఎల్డన్ వైపు, తర్వాత వెండెల్ వైపు, మళ్లీ ఎల్డన్ వైపు తిరిగాయి. ఏప్రిల్‌లో ఆ ఫోను సంగతి ఎల్డనే చెప్పాడు. కాస్త గర్వంగానే చెప్పాడు.

"ఎల్డన్," అన్నాడు గేలన్, "నీ మర్యాద తలకి నూట ఎనభై ఒకటి పడిందయ్యా! డెబ్బై తలలు! దేశం మొత్తం వెతికినా ఇంత ఖరీదైన 'ముందు నువ్వు' ఇంకోటి దొరకదు."

అందరూ నవ్వారు. ఎల్డన్ కూడా నవ్వాడు. పన్నెండు వేల ఆరు వందల డెబ్బై డాలర్లు అని అతను అప్పటికే మనసులో వేసుకున్నాడు.

"అయినా ఇంత బాధెందుకు?" గేలన్ గొంతు తగ్గించాడు, అంటే గోదాము లోపలికి మాత్రమే వినిపించేలా అన్నాడు. "ఫారంలో నీ నోటి మాటే. రసీదు అడగరు. పద్నాలుగని రాసెయ్."

"గురువారం పోయాయని మీకందరికీ తెలుసు కదా."

"మాకు తెలిస్తే ఏం పోయింది? మేమేమన్నా ప్రభుత్వమా?"

ఆ రోజు పాచికల్లో ఓడింది కూడా ఎల్డనే. ఏడు కాఫీలు కొన్నాడు. ఫారం తెచ్చి, పేరూ డెబ్బై అన్న అంకే రాసి, తేదీ గడి ఖాళీగా వదిలి, ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించాడు. ఆ గడి వైపు చూడకుండా ఫ్రిజ్‌లోంచి పాలు తీయడం అలవాటు చేసుకున్నాడు.

జూన్ చివర్లో వెండెల్ ఖాతాలో ప్రభుత్వ డబ్బు పడింది. జులై మొదట్లో వెండెల్ ఎర్ర పికప్ కొన్నాడు. రెంటికీ సంబంధం లేదని అతను అడగనివాళ్లకు కూడా చెప్పాడు. ఒక సాయంత్రం ఆ ఎర్ర బండి ఎల్డన్ గేటు దగ్గర ఆగింది. ఎల్డన్ కంచె తీగ బిగిస్తున్నాడు.

"ఎల్డన్, నాకు నిద్ర సరిగ్గా పట్టట్లేదయ్యా," అన్నాడు వెండెల్, కిటికీలోంచి. "ఆ మంగళవారం న్యాయంగా నీది. ఆ తేడాలో సగం నీకిచ్చేస్తా. ఆరువేల మూడొందల చిల్లర."

"ఛ, అదేం మాట. వద్దు."

"ఊరికే అనట్లేదు. తీసుకో."

"ఏం అక్కర్లేదు వెండెల్. ఉంచుకో."

అని, ఎల్డన్ తీగ వైపు చూస్తూ ముఖాన్ని సిద్ధం చేసుకున్నాడు. కాస్త ఇబ్బంది, కాస్త అలసట, అన్నీ సరైన పాళ్లలో. "సరే, నీకు కష్టం కాకపోతే" అన్న మాట నాలుక చివర ఉంది.

వెండెల్ ఆకాశం చూశాడు. పడమట మబ్బు ఉందా అని చూశాడు. లేదు.

"సరే అయితే. నీ ఇష్టం."

బండి వెళ్లిపోయింది. కొత్త ఇంజను. చప్పుడు కూడా లేదు.

తర్వాత ఏడు వారాల పాటు ఎల్డన్ మూడోసారి కోసం వెండెల్‌కు అవకాశాలు ఇస్తూ పోయాడు. అవసరం లేకపోయినా వెళ్లి నిచ్చెన అడిగి తెచ్చుకున్నాడు. దాన్ని తిరిగి ఇవ్వడానికి మళ్లీ వెళ్లాడు. ఆదివారాల్లో చర్చి వాళ్లు పచ్చిక మీద మడత కుర్చీలు దూరదూరంగా వేసుకొని కూర్చుంటే, ఎల్డన్ తన కుర్చీని వెండెల్ కుర్చీకి కొలత ప్రకారం ఆరడుగుల దూరంలోనే వేశాడు. ఒక్క అంగుళం ఎక్కువ కాదు. వెండెల్ వాన గురించి మాట్లాడాడు. సోయా గురించి మాట్లాడాడు. బండి మైలేజీ గురించి రెండుసార్లు మాట్లాడాడు.

ఆగస్టు చివరి వారంలో, ఒక బుధవారం, కెర్మిట్ డకోటా నుంచి ఫోన్ చేశాడు. మార్డెల్ స్పీకర్ పెట్టింది.

"ఎల్డన్, దూడలు బావున్నాయి. కానీ ఈసారి తలకి వంద బయానా కావాలయ్యా. నా దగ్గర కూడా ఏం లేదు. శుక్రవారం మధ్యాహ్నంలోగా చెప్పు. నెబ్రాస్కా ఆయన ఒకడు డబ్బు చేతిలో పట్టుకొని తిరుగుతున్నాడు."

"నలభై ఏళ్ల నించి నీ దగ్గరే కదా కొంటున్నా, కెర్మిట్."

"అందుకేగా శుక్రవారం దాకా ఆగుతున్నా. లేకపోతే నిన్ననే ఇచ్చేసేవాణ్ణి."

ఏడు వేలు. బ్యాంకు మేనేజరు ఏప్రిల్ అమ్మకం కాగితాలు చూసి, బయానా మీరు పెట్టుకోండి, మిగతాది మేం చూస్తాం అన్నాడు. ప్రభుత్వ డబ్బు ఇంకా చేతికి రాకపోయినా, వ్యవసాయ కార్యాలయం ముద్ర వేసిన ఫారం చూపించినా చాలన్నాడు. మేనేజరు చాలా మర్యాదగా చెప్పాడు. కాదనేవాళ్లు అక్కడ అందరికంటే మర్యాదగా ఉంటారు.

తేదీ గడిలో పద్నాలుగు రాస్తే పద్నాలుగు వేల తొమ్మిది వందల ఎనభై. దూడలు వస్తాయి. పదహారు రాస్తే రెండు వేల మూడు వందల పది. ఎనభై నాలుగో చలికాలం దొడ్డి ఖాళీగా ఉంటుంది. ఇంతకంటే తేలికైన లెక్క ఎల్డన్‌కు జీవితంలో ఎదురు కాలేదు.

గురువారం మధ్యాహ్నం అతను ఫారం తీసుకొని కౌంటీ పట్నానికి వెళ్లాడు.

జబ్బు కారణంగా కార్యాలయంలోకి రైతుల్ని రానివ్వడం లేదు. తలుపు పక్కన ఇనప పెట్టె. కాగితం అందులో వేసి, వెనక్కి వచ్చి, బండి పక్కన నిలబడి ఫోన్ చేయాలి. లోపలి మనిషి కాగితం తీసుకొని కిటికీ దగ్గరికి వచ్చి ఫోన్ ఎత్తుతుంది. ఇద్దరి మధ్యా ముప్ఫై అడుగులు, ఒక అద్దం. ఫోన్లు లేకపోయినా గట్టిగా మాట్లాడితే వినబడేది. కానీ అది నియమం కాదు.

లోపలున్నది కార్లీన్ రుడ్. పదేళ్ల వయసులో ఆమె ఎల్డన్ దగ్గర సండే స్కూల్లో చదువుకుంది. ఆ సంవత్సరం పిల్లలతో పది ఆజ్ఞలనూ అట్టల మీద మాకరోనీ అతికించి రాయించాడు. కార్లీన్ వంతుకు, ఆ చర్చి లెక్కలో ఎనిమిదోది వచ్చింది. అబద్ధ సాక్ష్యం పలకరాదు.

"ఎల్డన్ గారూ, కనిపిస్తున్నానా?"

"అద్దం మీద ఎండ పడుతోందమ్మా. చెయ్యి కనిపిస్తోంది."

చెయ్యి ఊగింది. "అన్నీ బానే రాశారు. తేదీ ఒక్కటే లేదు."

"తెలుసు."

"డెబ్బై అమ్మారు కదా. ఎప్పుడండీ?"

"రసీదేమైనా కావాలా?"

"అక్కర్లేదండీ. మీరు చెప్తే నేను రాస్తా. తర్వాత మీరు సంతకం పెడతారు. ఎప్పుడో వందలో ఒకరిద్దర్ని పట్టుకొని రుజువు చూపించమంటారు. మన దగ్గర ఇంతవరకు ఎవర్నీ అడగలేదు."

ఆమె తల దించి కాగితాలు సర్దసాగింది. సర్దడానికి ఉన్నది ఒక్క కాగితమే. అతనికి సమయం ఇస్తోందని ఎల్డన్‌కు అర్థమైంది. ఆ కౌంటీలో దయ ఎప్పుడూ ఇలా ఇంకో పని చేస్తున్నట్టే ఉంటుంది.

పక్కన జెండా కొయ్యకు తాడు టంగు టంగుమని కొట్టుకుంటోంది. ఎల్డన్ దేవుణ్ని తలచుకోలేదు. ఆజ్ఞను తలచుకోలేదు. ఏడు పికప్‌లను తలచుకున్నాడు. తన కోడెలు ఏ రోజు వెళ్లాయో ఆరుగురికి తెలుసు. వాళ్ల భార్యలకు తెలుసు. కాబట్టి పాస్టరుకు తెలుసు. ఒక్కరికీ తెలియకుండా ఆడగలిగే అబద్ధం ఎల్డన్‌కు ఇంతవరకు దొరకలేదు. దొరికి ఉంటే అతను ఎలాంటివాడో ఈపాటికి తేలిపోయి ఉండేది. దొరకలేదు కాబట్టి నిజాయితీపరుడు అన్న పేరుంది.

"పదహారు," అన్నాడు. "గురువారం."

"పదహారా అండీ?"

"పదహారు."

ఆమె రాసింది. తలుపు కొంచెం తెరిచి కాగితం బయట పెట్టి, మళ్లీ అద్దం వెనక్కి వెళ్లింది. అతను సంతకం చేశాడు. ఆమె ముద్ర వేసి కాపీ ఇచ్చింది. ఈ రాకపోకలకు పావుగంట పట్టింది.

"ఆ అట్ట ఇంకా మా అమ్మ వాళ్లింట్లో ఉందండీ," అంది కార్లీన్, ఫోన్ పెట్టేసే ముందు. "మాకరోనీ ఎలకలు తినేశాయి. జిగురు మిగిలింది."

"జిగురుంటే చాలమ్మా. చదువుకోవచ్చు," అన్నాడు ఎల్డన్.

సాయంత్రం భోజనానికి ఉడికించిన మొక్కజొన్న పొత్తులు, పంది మాంసం. మార్డెల్ ముద్ర వేసిన కాపీని ఉప్పు డబ్బాకు ఆనించి నిలబెట్టి చదివింది. చదవడానికి ఎక్కువ లేదు.

"రెండువేల మూడొందల పది," అంది. "కెర్మిట్‌ని ఇరవై మూడు దూడలు పంపమందామా? మిగతా నలభై ఏడూ దొడ్లో ఉన్నట్టు ఊహించుకుందాం."

"నిజమే రాశాను కదా."

"రాశావు. బావుంది. అబద్ధమాడితే నేనే నిన్ను ఇంట్లోకి రానిచ్చేదాన్ని కాదు. నేనడిగేది అది కాదు. వెండెల్ ఇస్తానంది ఏమైంది?"

"వద్దన్నాను."

"ఎందుకు?"

"మూడోసారి అడుగుతాడనుకున్నా."

మార్డెల్ పొత్తు కింద పెట్టింది. "వెండెల్? మూడోసారా? వాడు దేన్నయినా మూడోసారి అడగడం నువ్వెప్పుడైనా చూశావా? లవోన్‌ని పెళ్లాడటానికి కూడా రెండుసార్లే అడిగాడు. ఆ సంగతి తెలిసే ఆవిడ రెండోసారికే ఒప్పుకుంది."

"నేనెళ్లి ఎలా అడుగుతాను, మార్డెల్? వద్దన్నాక?"

"నోటితో."

"బావుండదు."

"దొడ్డి ఖాళీగా ఉంటే బావుంటుందా? ఒక పని చెయ్. జనవరిలో పొద్దున్నే లేచి, ఖాళీ దొడ్లోకెళ్లి, నీ మర్యాదకి మొక్కజొన్న వెయ్. వసంతానికి బలుస్తుంది, అమ్ముకుందువు గాని."

ఎల్డన్ నవ్వబోయి, ఆమె నవ్వడం లేదని చూసి ఆగాడు.

"నీకో సంగతి చెప్పలేదు," అంది ఆమె, వేరే గొంతుతో. "నిన్ను రెండోసారి అడిగినప్పుడు నువ్వు, 'నీకు ఇంకా మంచివాడు దొరుకుతాడు' అన్నావు, గుర్తుందా? మర్యాదగా అన్నావు. నేను కోటు వేసుకొని గుమ్మం దాకా వెళ్లాను. గుమ్మంలో బూటు తాడు ఊడింది. కట్టుకుంటుంటే, పోనీ ఇంకోసారి అడిగి చూద్దామనిపించింది. అంతే. నలభై ఒక్క ఏళ్లు. బూటు తాడు."

ఎల్డన్ అలాంటప్పుడు అక్కడి మగవాళ్లు చేసే పనే చేశాడు. లేచి గిన్నెలు కడిగాడు.

మర్నాడు ఉదయం ఏడుకు ముందే అతను వెండెల్ ఇంటి వంటింటి తలుపు కొట్టాడు. వెండెల్ బల్ల దగ్గర కూర్చొని ఓట్స్ తింటున్నాడు. లవోన్ ఓవెన్‌లోంచి దాల్చిన చెక్క రొట్టెల పళ్లెం తీస్తోంది.

"రా ఎల్డన్. ఇంత పొద్దున్నే వచ్చావే. వేడిగా ఉన్నాయి, ఒకటి తింటావా?" అంది ఆమె.

"తింటాను."

లవోన్ పళ్లెం పట్టుకొని అలాగే ఆగిపోయింది. ముప్ఫై ఏళ్లలో అతని నుంచి ఆ మాట మొదటిసారికి వినలేదు. "తింటావా?" అంది మళ్లీ, ఒంట్లో బాగుందా అన్నట్టు.

"తింటానన్నా కదా. అంచుది కాదు, మధ్యది పెట్టు."

కూర్చొని తిన్నాడు. వెండెల్ అతన్నే చూస్తున్నాడు. ఎల్డన్ వేళ్లు తుడుచుకున్నాడు.

"వెండెల్, ఆ సగం తీసుకుంటాను."

"ఏ సగం?"

"జులైలో ఇస్తానన్నది."

"నువ్వు వద్దన్నావు కదయ్యా!"

"అన్నాను. ఇప్పుడు కావాలంటున్నాను. మధ్యాహ్నంలోగా దూడలకి బయానా కట్టాలి."

"ఏడు వారాల నించి ఆలోచిస్తున్నావా?"

"ఆలోచించలేదు. నువ్వు మళ్లీ అడుగుతావని చూస్తున్నా."

"రెండుసార్లు వద్దన్న మనిషిని మూడోసారి ఎవడడుగుతాడయ్యా? నీకు చిరాగ్గా ఉందేమో, డబ్బు చూపిస్తున్నానని అనుకుంటున్నావేమో అని నేను నీ కంచె దగ్గరికి రావడమే మానేశా. నువ్వేమో ఊరికే నిచ్చెనలు పట్టుకుపోతున్నావు." వెండెల్ చెంచా కింద పెట్టి కిటికీలోంచి ఎర్ర బండిని చూశాడు. గొంతు కొంచెం తగ్గింది. "కానీ ఇప్పుడు ఆ డబ్బు బండిలోకి పోయింది, ఎల్డన్. అదే ఇబ్బంది."

"బండి వాయిదాల మీద కొన్నాం," అంది లవోన్, వెనక్కి తిరక్కుండానే. "ఆ డబ్బు ఖాతాలో అలాగే ఉంది. చెక్కుబుక్కు రెండో సొరుగులో ఉంది, వెండెల్. పెన్ను కూడా అక్కడే ఉంది."

వెండెల్ లేచాడు. సొరుగు తీశాడు. కూర్చున్నాడు. అంకెల్లో రాసి, అక్షరాల్లో రాసి, సంతకం చేసి, చించి, బల్ల మీద ఎల్డన్ వైపు తోశాడు. ఆరు వేల మూడు వందల ముప్ఫై అయిదు.

ఎల్డన్ చెయ్యి దానంతట అదే లేచింది, అరచెయ్యి ముందుకు చాచి, వద్దు వద్దు అన్నట్టు. అతను దాన్ని ఎవరిదో చెయ్యిలా చూశాడు. మెల్లగా దించి చెక్కు మీద పెట్టాడు. మడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఇంకోటి తింటావా?" అంది లవోన్.

"దారిలో తింటా. కట్టివ్వు."

తొమ్మిదింటికి బ్యాంకు తలుపు తీసేసరికి అతను మెట్ల మీద ఉన్నాడు, జేబులో వెండెల్ చెక్కుతో, ఏడు వేలకు తక్కువ పడ్డదానికి చూపించడానికి ముద్ర వేసిన ఫారంతో. తొమ్మిదిన్నరకు అదే మెట్ల మీద నిలబడి కెర్మిట్‌కు ఫోన్ చేసి, డెబ్బై పంపు, డబ్బు ఇవాళే వస్తుంది అని చెప్పాడు. కెర్మిట్ నెబ్రాస్కా ఆయన గురించి ఏదో మొదలుపెట్టాడు. ఎల్డన్ అది వినకుండానే ఫోన్ పెట్టేశాడు. ఇంటికి వచ్చి, దొడ్డి గేటు తీసి, వేసవంతా నాచు ఎండి అట్టకట్టిన నీళ్ల తొట్టిలోకి దిగి, గట్టి చీపురుతో అడుగు గీకడం మొదలుపెట్టాడు.